ఏడో బుట్ట దగ్గర

సుహాసిని చెయ్యి వణకడం మొదలై అప్పటికి నాలుగు నెలలు.

నరసన్నపేటలో బస్టాండు వెనక ఒక రక్తపరీక్షల లేబ్‌లో ఆమె టెక్నీషియను. ఇరవై ఏడేళ్ళ మనిషి. పొద్దున్న ఏడింటికి షట్టరు లేపేసరికే పరగడుపున వచ్చి మెట్లమీద కూర్చున్నవాళ్ళు పాతికమంది ఉంటారు. నరం దొరకని ముసలమ్మలు, సూది చూస్తేనే చెమటలు పట్టే మగాళ్ళు, అందరూ ఆమె ఎదురుగా కుర్చీ ఖాళీ అయ్యేదాకా ఆగుతారు. "ఆ గుంట సెయ్యి మెత్తన. సీమ కుట్టినట్టుంటాది, అంతే" అని చుట్టుపక్కల ఊళ్ళల్లో చెప్పుకుంటారు. అలాంటి చెయ్యి.

అది మొదట వణికింది లేబ్‌లో కాదు, ఆటలో.

ఆమె ఆడేది డిస్క్ గోల్ఫ్. బంతీ కర్రా లేని గోల్ఫ్ అది. టిఫిను ప్లేటంత ప్లాస్టిక్ డిస్కులు విసురుతారు. రెండు మూడొందల అడుగుల దూరాన నేలలో ఒక ఇనప స్తంభం పాతి ఉంటుంది. దాని నడుముకి బుట్ట, బుట్టపైన గుత్తులుగా వేలాడే గొలుసులు. డిస్కు గొలుసులకి తగిలి బుట్టలో పడాలి. ఎన్ని తక్కువ విసుర్లకి పడితే అంత గొప్ప. దూరం పోవడానికి అంచు పదునుగా ఉండే డిస్కులు వేరు. బుట్ట దగ్గరికొచ్చాక ఆఖరి విసురుకి వాడేది పట్టర్. మొద్దు అంచుతో, లోతుగా ఉంటుంది. మెల్లగా, తిన్నగా వెళ్తుంది. గెలుపూ ఓటమీ చాలామటుకు దాని మీదే తేలతాయి.

డిసెంబరులో విజయనగరంలో పోటీ పెట్టారు. మూడు జిల్లాల నుంచి ముప్ఫైమంది వచ్చారు. ఆఖరి బుట్టకి వచ్చేసరికి సుహాసిని ముందుంది. పన్నెండడుగుల దూరం మిగిలింది. మామూలు రోజుల్లో మాట్లాడుకుంటూ వేసేసే దూరం. వేసింది. డిస్కు గొలుసులకి పైనున్న ఇనప పట్టీకి ఠంగున తగిలి, వెనక్కి ఎగిరి, అంచు మీద నిలబడి బండి చక్రంలా దొర్లుకుంటూ పల్లంలోకి పోయింది. చూస్తున్నవాళ్ళెవరూ నవ్వలేదు. "అయ్యో" అన్నారంతే. ఆ "అయ్యో" ఆమె వీపుకి పట్టుకుంది.

అప్పట్నించీ బుట్ట ముందు నిలబడితే వేళ్ళు డిస్కుని వదలవు. వదిలితే ముందే వదిలేస్తాయి. ఇంటర్నెట్‌లో చూసి నాలుగు పట్టర్లు తెప్పించుకుంది. ప్రతిదీ రెండురోజులు బాగుండేది. మూడోరోజుకి అదే వణుకు.

ఆటతో పోయి ఉంటే బాధ లేకపోయేది. ఫిబ్రవరిలో ఒక ఉదయం ఆరేళ్ళ పాప మోచేతికి రబ్బరు కట్టి, సిరంజి పట్టుకునేసరికి సూది మొన కదలడం చూసింది. పాప కూడా చూసింది. సుహాసిని సిరంజి ట్రేలో పెట్టి, చేతులు కడుక్కొస్తానని లోపలికి వెళ్ళి, కొళాయి తిప్పి అలాగే నిలబడిపోయింది. ఆట మానేయొచ్చు. ఈ చేతులు తీసి ఎక్కడ పెట్టుకోవాలి?

ఆ ఆదివారమే భావనపాడు వెళ్ళింది, జేమ్స్ మాస్టారి దగ్గరికి.

జేమ్స్ మాస్టారు హైస్కూల్లో ఆమెకి డ్రిల్లు చెప్పినాయన. రిటైరయ్యాక సొంతూరు భావనపాడు వచ్చేశారు. చర్చి సభలకి బెంగుళూరు నుంచి వచ్చిన ఒక పాస్టరుగారు ఎనిమిది డిస్కులు ఇచ్చి వెళ్తే, ఆ పిచ్చి ఆయనకి పట్టుకుంది, ఆయన్నించి ఆమెకి అంటుకుంది. ఊరి బయట దాలయ్య అనే రైతుకి సరుగుడు తోట, దాని వెనక జీడి తోట ఉన్నాయి. అతన్ని బతిమాలి, టెక్కలిలో వెల్డింగు చేయించిన తొమ్మిది బుట్టలు తెచ్చి ఆ తోటల్లో పాతించారు. సైకిలు రిమ్ములు, బావి గొలుసులు. దాలయ్య దాన్ని "పళ్ళేలాట" అనేవాడు.

మాస్టారు ఆమె చెప్పిందంతా విని, లోపల్నించి ఒక గోనెసంచి తెచ్చి అరుగు మీద బోర్లించారు. పదకొండు పట్టర్లు.

"కళ్ళు మూసుకో. ఒక్కోటీ పట్టుకుని సూడు" అన్నారు.

"రంగు సూసి కొన్నానని అనుకున్నారేటి?"

"రంగు సూసి కాదు, రేటింగు సూసి కొన్నావు. మూసుకో ముందు."

కళ్ళు మూసుకుంది. ఒకటి గట్టిగా, గాజుపలకలా జారుగా ఉంది. "ఇది ఏసవిలో పనికిరాదు. ఇక్కడ గాలంతా ఉప్పు, సెయ్యంతా సెమట" అన్నారాయన. ఇంకోటి మరీ మెత్తన, రొట్టెలా వంగుతోంది. గొలుసులకి తగిలితే అంటుకుంటుంది గానీ చేతిలోంచి ఆలస్యంగా ఊడుతుంది. ఇంకోటి లోపలి అంచు లోతెక్కువై ఆమె పొట్టి వేళ్ళకి అందలేదు. ఒకదానికి అంచు కింద పూసంత గట్టు ఉంది, అది ప్రతిసారీ చూపుడువేలికి తగిలి "నేనున్నాను" అన్నట్టు గుర్తుచేస్తోంది. ఆమె దాన్ని పక్కన పెట్టింది. మాస్టారు తలూపారు.

ఎనిమిదోది పట్టుకున్నాక ఆమె చెయ్యి ఆగింది. అరచెయ్యి, వేళ్ళు, బొటనవేలు వాటంతటవే సర్దుకున్నాయి. కళ్ళు తెరిచి చూస్తే, ఎండకి వెలిసిపోయిన బూడిదరంగు డిస్కు. అంచంతా గీతలు.

"ఇదేటి, పాత సామాన్లోదిలాగుంది."

"అదే మరి. నూట డెబ్భై నాలుగు గ్రాములు, బరువైనదే. సముద్రపు గాలికి తేలిపోదు. ఆఖర్న ఎడంపక్కకి కొంచెం ఒరుగుతాది, అంతే. ఆ ఒరుగుడు నీకు తెలిసిపోతే సాలు." ఆయన మిగతావి సంచిలో వేసేశారు. "ఇంక నీ సంచిలో పట్టరంటే ఇదొక్కటే ఉండాలి. ఆ నాలుగూ ఇంట్లో పెట్టేయ్. రెండుంటే సేతికి అనుమానం వస్తాది."

ఆమె తలూపింది. కానీ ఆ నాలుగింట్లో ఒక ఎర్రది, గట్టిది, చాలా మోజుపడి కొన్నది, సంచి అడుగునే ఉంచుకుంది.

అలా ఆదివారాలు మొదలయ్యాయి. శనివారం సాయంత్రం నౌపడలో పిన్ని ఇంటికొచ్చి పడుకుని, తెల్లారాక స్కూటీ మీద భావనపాడు చేరేది. మాస్టారికి తొమ్మిదింటికి చర్చి. ఆరు నించి ఎనిమిది దాకా ఆట. ముందు అయిదడుగులు, తరవాత పదడుగులు, పదిహేనడుగులు. "బుట్టని సూడకు. గొలుసులో ఒక్క లంకె ఎంచుకో, దాన్నే సూడు. ఊపిరి వదిలాక వెయ్యి, పీల్చేటప్పుడు కాదు." వణుకు పోలేదు. కాకపోతే పదికి ఆరు పడేవి. ఆమె పట్టర్ పట్టుకుని నిలబడితే మాత్రం చుట్టూ చిన్న చప్పుడున్నా పనికొచ్చేది కాదు. మాస్టారికేమో నడుస్తూ కీర్తనలు పాడుకునే అలవాటు.

"మాస్టారూ, నాను ఏసేటప్పుడు ఒక్క నిమిషం పాడకండి" అని అడిగింది ఒకసారి.

"సరేనమ్మా" అన్నారాయన. ఆ తర్వాత ఎప్పుడూ ఆమె విసిరేముందు నోరు మూసుకునేవారు.

ఏప్రిల్ వచ్చేసరికి జీడిపళ్ళు రాలడం మొదలైంది. తోటంతా పులిసిన తీపి వాసన. ఆ వాసనకి ఎలుగుబంట్లు దిగుతాయి. వజ్రపుకొత్తూరు వైపు జీడి ఏరడానికి వెళ్ళిన ఒకావిడ ముఖం మీద ఎలుగు పడిందని, విశాఖ తీసుకెళ్ళారని ఊరంతా చెప్పుకుంటున్నారు. దాలయ్య ఒక ఆదివారం తోట మొగదల్లో చేతులడ్డం పెట్టి ఆపేశాడు. అరవై దాటిన మనిషి, ఎడం భుజం మీద మూడు తెల్లటి గాట్లు.

"మేస్టారూ, ఈ నెల్లాళ్ళూ మానీరాదా? నిన్న మాపు ఎనిమిదో బుట్ట కాడ పేడ సూసినాను. జీడిగింజలు అలాగే ఉన్నాయి దాంట్లో."

"ఎండొచ్చాకే కదా వస్తన్నాం దాలయ్యా."

"ఎండకి బయ్యపడ్డానికి అదేటి దెయ్యమా?" దాలయ్య సుహాసిని వైపు తిరిగాడు. "ఇను పాపా. దాని కంటికి ఆనదు. సెవి కూడా అంతంత మాత్రమే, తింటన్నప్పుడు అసలినదు. మనిసి దగ్గిరికొచ్చీదాకా తెల్దు దానికి. తెల్సినాక ఇంకేటి, బయ్యంతో మీదపడిపోద్ది. అందుకే సప్పుడు సేసుకుంటా తిరగాల. నోటితో కేకెయ్యకు, కేకేసినోడి మీదికే వస్తాది. ఇనప సప్పుడైతే పారిపోద్దంటారు. నాను రేకుడబ్బా కొడతాను."

"మీ మీద పడినప్పుడు డబ్బా లేదా?" అని సుహాసిని అతని భుజం మీది గాట్లు చూస్తూ అడిగింది.

"ఉన్నాది. కొట్టడం మర్సిపోనాను" అన్నాడు దాలయ్య. నవ్వుతాడేమో అని చూసింది. నవ్వలేదు.

ఆ వారమంతా ఆమెకి సరిగ్గా నిద్ర పట్టలేదు. వెళ్ళొద్దని వందసార్లు అనుకుంది. కానీ మే మొదటివారంలో విజయనగరంలో మళ్ళీ పోటీ ఉంది, పైగా లేబ్‌లో చెయ్యి కాస్త నిలకడగా ఉంటోంది. ఆదివారం మానేస్తే అదీ పోతుందేమోనని ఇంకో భయం. రెండు భయాల్లో దగ్గరున్నదే పెద్దదిగా కనిపిస్తుంది కదా. వెళ్ళింది.

ఆరోజు మాస్టారు మామూలు కంటే గట్టిగానే పాడుతూ నడిచారు. మొదటి ఆరు బుట్టలూ సరుగుడు తోటలో. అక్కడ చెట్లు తిన్నగా, వరసగా ఉంటాయి, ఎటు చూసినా వంద గజాలు కనిపిస్తుంది. ఏడో బుట్ట సరుగుడు ఆగి జీడి మొదలయ్యే చోట ఉంది. జీడికొమ్మలు నేలని తాకుతూ గొడుగుల్లా ఉంటాయి. లోపల ఏముందో బయటికి తెలీదు.

సుహాసిని విసిరిన డిస్కు బుట్టకి పాతిక అడుగుల ఇవతల పడింది. మాస్టారిది కుడివైపు కొట్టుకుపోయి జీడిచెట్టు కిందికి దూరింది. ఆయన దాని కోసం వెళ్తూ, ఆమె పట్టర్ తీయడం చూసి పాట ఆపేశారు.

తోట ఒక్కసారిగా నిశ్శబ్దమైపోయింది. దూరంగా సముద్రం మాత్రం వినిపిస్తోంది. ఆమె ఒక లంకె ఎంచుకుంది. చెయ్యి ముందుకు చాపింది. వేళ్ళు బిగుసుకున్నాయి. మళ్ళీ దింపింది. మళ్ళీ చాపింది. ఎంతసేపు అలా తంటాలు పడిందో తెలీదు. ఆ సేపంతా మాస్టారు ఆమె కోసం చప్పుడు చెయ్యకుండా, ఎండుటాకుల మీద అడుగు మెల్లగా వేస్తూ, ఒంగి కొమ్మ కిందికి వెళ్ళారు.

అప్పుడు వినిపించింది. ఎవరో ముక్కు చీదుతున్నట్టు, నోరంతా తెరిచి ఏదో జుర్రుతున్నట్టు.

సుహాసిని తల తిప్పింది. మాస్టారు కొమ్మ కిందినించి వెనక్కి వస్తున్నారు. నడుం ఒంగే ఉంది. రెండు చేతులూ పక్కలకి చాచి, అరచేతులు నేలవైపు పెట్టి, అడుగు వెనక అడుగు. ఆయన ముందు పది అడుగుల్లో చెట్టు కింద నల్లగా ఒక గుట్ట కదిలింది. దాని వీపు మీంచి ఇంకో చిన్న నల్లటి ముద్ద జారి కింద పడింది. పిల్ల.

ఎలుగు తలెత్తింది. తెల్లటి మూతి గాల్లోకి చాచి అటూ ఇటూ వెతికింది. తరవాత వెనక కాళ్ళ మీద లేచి నిలబడింది. అంత పొడుగుంటుందని ఆమె ఎప్పుడూ అనుకోలేదు. ఛాతీ మీద తెల్లటి గీత, మనిషి చేతుల్లా వేలాడుతున్న ముందు కాళ్ళు, వాటికి వేలెడేసి గోళ్ళు.

మాస్టారి కాలు జీడివేరుకి తట్టుకుంది. వెల్లకిలా పడిపోయారు. పడి కదల్లేదు.

సుహాసినికి గొంతులోంచి కేక వచ్చింది. నోటి దగ్గర ఆపుకుంది. కేకేస్తే కేకేసినవాళ్ళ మీదికి వస్తుందట. రానీ, వస్తే మాస్టారు బతుకుతారు అనుకుంది. అలా అనుకున్నా నోరు తెరుచుకోలేదు. ఆ సంగతి ఆమె తరవాత ఎవరికీ చెప్పుకోలేదు, మాస్టారికి తప్ప. పరిగెత్తాలనిపించింది. కాళ్ళు రాలేదు. చేతిలో పట్టర్ ఉంది. ఎదురుగా పాతిక అడుగుల్లో బుట్ట, దానికి కుడిపక్క పదిహేనడుగుల్లో మాస్టారు, ఆయనకి అవతల ఎలుగు. ఇనప సప్పుడైతే పారిపోద్దంటారు. అంటారు. దాలయ్య కూడా "అంటారు" అనే అన్నాడు.

వేసింది.

బూడిదరంగు డిస్కు చేతిలోంచి ముందే ఊడిపోయింది. తక్కువగా వెళ్ళి, బుట్ట కిందినించి దూరి, అవతల ఎండుటాకుల్లో సర్రున జారింది. ఆ చప్పుడుకి ఎలుగు ఆమె వైపు కాదు, కింద ఉన్న మాస్టారి వైపు తల దించింది. ముందు కాళ్ళు నేల మీద పెట్టింది. హుఫ్, హుఫ్ అని రెండుసార్లు గాలి వదిలింది.

ఆమె సంచిలో చెయ్యి పెట్టింది. నీళ్ళసీసా, తువ్వాలు, దూరం విసిరే డిస్కులు. వాటి పదును అంచులు పాతిక అడుగుల్లో ఎటు తిరుగుతాయో ఎవరికీ తెలీదు. అడుగున వేళ్ళకి ఎర్రది తగిలింది. గట్టిది, జారుది. అరచెయ్యంతా చెమట. ఒంగి పిడికెడు ఇసక తీసి అరచేతికి పులుముకుంది. ఎలుగు ఒక్కడుగు వేసింది.

లంకె ఎంచుకోలేదు. ఊపిరి చూసుకోలేదు. చెయ్యి వణుకుతోంది, భుజం వణుకుతోంది, పళ్ళు కూడా కొట్టుకుంటున్నాయి. ఆ వణుకు ఆగేదాకా ఆగితే అక్కడ మాస్టారుండరు. వణుకుతూనే, మెల్లగా కాదు, ఉన్న బలమంతా పెట్టి విసిరింది.

బావి గొలుసులు ఒక్కసారిగా ఘల్లుమన్నాయి. ఇనప స్తంభం గంటలా మోగింది.

పిల్ల ముందు పరిగెత్తింది. అది పరిగెత్తింది అడ్డంగా, మాస్టారి పక్కనించి. తల్లి దాని వెనకే. ఒక్క క్షణం ఆ నల్లటి వెంట్రుకలు ఆయన్ని పూర్తిగా కప్పేశాయి. మాస్టారు అరిచారు. తరవాత జీడికొమ్మలు విరిగిన చప్పుడు, ఇంకా లోపల ఇంకో చప్పుడు, ఆపైన ఏమీ లేదు. గొలుసులు ఇంకా ఊగుతున్నాయి.

సుహాసిని ఆయన దగ్గరికి వెళ్ళేసరికి కుడి పిక్క తెరుచుకుపోయి ఉంది. రక్తం ఇసకలోకి ఇంకిపోతోంది. ఆమె రోజూ చూసేది చిన్న గాజుగొట్టంలో ఎర్రగా నిలబడి ఉండే రక్తం. ఇది ఆగడం లేదు. చున్నీ తీసి మడిచి గాయం మీద పెట్టి, మోకాలితో అదిమి, మిగిలిన కొసతో బిగించి కట్టింది. చేతులు వణుకుతూనే ఉన్నాయి. ముడి మాత్రం పడింది.

"ఎల్లిపోయిందా?" అన్నారు మాస్టారు, కళ్ళు తెరవకుండా.

"ఎల్లిపోయింది."

"మళ్ళీ వస్తాదా?"

"తెలీదు మాస్టారూ. మాటాడకండి."

మాటాడకండి అనగానే, తనకోసం ఆయన పాట ఆపేసిన సంగతి ఆమెకి గుర్తొచ్చింది. వెంటనే, "కాదు, మాటాడండి. గట్టిగా మాటాడండి" అంది.

ఆయన కీర్తన ఎత్తుకున్నారు. సగం ఊపిరి, సగం మూలుగు. ఆమెకి ఆ పాట రాదు, అయినా గొంతు కలిపింది. ఒక చేత్తో గాయం అదిమిపట్టి, రెండో చేత్తో దాలయ్యకి ఫోను చేస్తూ, జీడిచెట్ల వైపే చూస్తూ పాడింది. ఏ కొమ్మ కదిలినా పాట గట్టిగా అయ్యేది. దాలయ్య రేకుడబ్బా కొట్టుకుంటూ నలుగురు మనుషుల్ని వెంటేసుకుని వచ్చేసరికి ఇరవై నిమిషాలైంది. దుప్పటిలో మోసుకుని రోడ్డు దాకా తెచ్చారు. అక్కణ్ణించి అంబులెన్సులో టెక్కలి ఆసుపత్రి. ముప్ఫై ఒక్క కుట్లు, కుక్కకాటుకి వేసే సూదులే ఎలుగు గాయానికీ వేశారు.

మూడోరోజు లేబ్‌కి సెలవు పెట్టి వెళ్ళింది. మాస్టారు మంచం మీద కాలు ఎత్తులో పెట్టుకుని పడుకుని ఉన్నారు. ముఖం వాడిపోయి ఉంది.

ఆమె ఆ మూడురోజులూ తనని తినేస్తున్న మాట అడిగేసింది. "నాను గొలుసులు కొట్టబట్టే అది పారిపోయిందా మాస్టారూ, కొట్టబట్టే మీ మీదినించి పోయిందా?"

ఆయన కాలి కింద దిండు సర్దుకున్నారు.

"అటవీశాఖాయన వచ్చాడు నిన్న. ఊరుకుంటే దానంతటదే పోయుండొచ్చన్నాడు. మీద పడి ముఖం పీకేసుండొచ్చనీ అన్నాడు. రెండూ ఆయనే అన్నాడు." ఆయన ఆమె వైపు తిరిగారు. "నాకు తెలీదమ్మా. నాను కళ్ళు మూసేసుకున్నాను. నువ్వేసింది సూడలేదు."

"మీరు పాట ఆపకపోతే అది ముందే పోయేది. నాకోసమే కదా ఆపేరు."

"ఆపింది నాను."

"ఆపమంది నాను."

ఆయన కాదనలేదు. దానికి ఆమె ఏడ్చింది. కాదని ఉంటే ఆమె నమ్మేది కాదు. కాసేపయ్యాక మిగిలింది కూడా చెప్పేసింది: కేకేద్దామనుకుని వేయలేకపోయానని, నోరు రాలేదని.

"నాకూ రాలేదు. నువ్వక్కడున్నావని తెలిసి కూడా, పారిపో అని అరవలేదు నాను" అన్నారు మాస్టారు. "పడుకుని ఉన్నాను. యేసయ్యా అనడం కూడా మర్సిపోయాను. అరవై మూడేళ్ళుగా రోజూ అంటన్న మాట."

మే నెలలో విజయనగరం పోటీకి ఆమె వెళ్ళలేదు. లేబ్‌లో చెయ్యి కొన్నిరోజులు బాగుండేది, కొన్నిరోజులు లేదు. బాగులేని రోజున, "అమ్మా, నా సెయ్యి కొంచెం వణుకుతాది, బయపడకండి, సూది మాత్రం గురి తప్పదు" అని ముందే చెప్పేయడం మొదలుపెట్టింది. గురి తప్పకుండానే గుచ్చేది. ముసలమ్మలు "నాకూ వణుకుతాదిలే తల్లీ" అనేవాళ్ళు.

జూన్‌లో మాస్టారు కర్ర పట్టుకుని నడవగలిగారు. ఆట జీడితోటలో వద్దని తీర్మానించారు. టెక్కలిలో ఖాళీగా ఉన్న ఒక మైదానం అడిగి, అక్కడికి బుట్టలు తరలించే ఏర్పాటు చేశారు. తొమ్మిదింట్లో ఎనిమిది వచ్చేశాయి. జీడితోటలోని ఎనిమిదో, తొమ్మిదో బుట్టలు కూడా దాలయ్య మనుషులు పీకి తెచ్చారు. ఏడోది మాత్రం ఎవరూ ముట్టుకోలేదు.

"అదొక్కటీ ఉండిపోతే ఉండిపోనీ" అంది సుహాసిని.

"గొలుసుకే కిలోలు కిలోలు ఇనుమున్నాది. ఉండిపోతే ఎలాగ?" అన్నారు మాస్టారు. అన్నారు గానీ ఆయన గొంతులోనూ పెద్ద పట్టుదల లేదు.

చివరికి మిట్టమధ్యాహ్నం, ఎండ నెత్తిన ఉండగా వెళ్ళారు. దాలయ్య, అతని తమ్ముళ్ళిద్దరు, సుహాసిని. మాస్టారు రోడ్డు మీద ఆటోలో ఉండిపోయారు. నలుగురూ డబ్బాలు కొట్టుకుంటూ నడిచారు. సరుగుడు దాటి జీడి కనపడగానే ఆమె డబ్బా ఇంకా గట్టిగా కొట్టింది. జీడిపళ్ళ కాలం అయిపోయింది, వాసన లేదు. అయినా వాసన తగిలింది. ఎలుగు కనిపించిన చెట్టు కింద ఆకులు మామూలు ఆకుల్లాగే ఉన్నాయి. ఆమె అటు వీపు పెట్టి నిలబడలేకపోయింది. తమ్ముళ్ళు గడ్డపారతో స్తంభం మొదలు తవ్వుతున్నంతసేపూ, చెట్టునే చూస్తూ డబ్బా కొట్టింది. చెయ్యి నొప్పెట్టినా ఆపలేదు. బూడిదరంగు డిస్కు కోసం దాలయ్య కాలితో ఆకులు కెలికి చూశాడు. దొరకలేదు. ఇంకో పదడుగులు లోపలికి వెళ్ళి చూస్తానన్నాడు.

"వద్దు బాబూ, ఎళ్ళిపోదాం" అంది. బతిమాలినట్టే అంది.

ఆటో వెనక సీటు తీసేసి బుట్టని అడ్డంగా పెట్టారు. దాని పక్కనే కింద కూర్చుంది. మట్టిరోడ్డు గుంతల్లో ఆటో ఎగిరినప్పుడల్లా గొలుసులు ఘల్లుమంటున్నాయి. మూడోసారి మోగేసరికి ఆమె వాటన్నిటినీ దగ్గరికి తీసి రెండు చేతులతో గట్టిగా పట్టుకుంది. ఎండకి కాలిన ఇనుము అరచేతులు చురుక్కుమనిపించింది. వదల్లేదు.

నౌపడ దాటి తారురోడ్డు ఎక్కాక మాస్టారు ముందు సీట్లోంచి వెనక్కి తిరిగారు.

"వచ్చే ఆదివారం కొత్త సోటు. కొత్త పట్టర్ ఎంచుకోవాలి. ఆరింటికి వచ్చీ."

సుహాసిని బయటికి చూసింది. రోడ్డుకి రెండువైపులా ఉప్పుమళ్ళు తెల్లగా, ఖాళీగా ఉన్నాయి. చాలాదూరం దాకా ఏమీ దాక్కునే వీలు లేని నేల.

"ఏడింటికి వస్తాను మాస్టారూ" అంది. "బాగా ఎండొచ్చాక. మీరు పాడుతూ ఉండాలి. నాను ఏస్తన్నప్పుడు కూడా."